ఏడ్చే బిడ్డను వరండాలోకి పంపే ముందు

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే సంగతి: ఆరాధనలో పిల్లలు. వాళ్లను ఎక్కడ కూర్చోబెట్టాలి, ఏం చేయనివ్వాలి, వాళ్లు అడిగేదానికి ఏం చెప్పాలి. అందుకే ఈసారి పేజీలన్నీ వాళ్లకే ఇచ్చాం. "నేటి పిల్లలే రేపటి సంఘం" అని మందిరం గోడల మీద రాసుకుంటాం. ఆ మాటతో మేం ఏకీభవించలేం. బాప్తిస్మం పొందిన పసిబిడ్డయినా, ప్రతిష్ఠ ప్రార్థన మాత్రమే చేయించుకున్న బిడ్డయినా, ఈ ఆదివారం చాప మీద కూర్చున్నాడంటే ఈ ఆదివారమే సంఘం.

ప్రశ్న: మా పాపకు 14 నెలలు. మా మందిరంలో ఆరాధన ఉదయం 9:30కి మొదలై ఒంటిగంట దాకా నడుస్తుంది. వాక్యం మొదలయ్యేసరికి పాప ఏడుపు అందుకుంటుంది. "ఆ బిడ్డ తల్లి కాస్త బయటికి వెళ్లాలి" అని మైకులోనే అంటారు. ఆరు నెలలుగా చెప్పుల పక్కన వరండాలోనే కూర్చుంటున్నాను. ఇంట్లో ఉండి టీవీలో వాక్యం వింటే సరిపోదా?
— ఒక తల్లి, తెనాలి

జవాబు: తప్పు మీది కాదమ్మా, పాపది అసలే కాదు. మార్కు 10వ అధ్యాయంలో పిల్లల్ని తెచ్చినవాళ్లను అడ్డుకున్నది బయటివాళ్లు కాదు, శిష్యులే. యేసు కోపపడ్డాడని అక్కడ స్పష్టంగా రాసి ఉంది. లూకా అయితే ఆ పిల్లలు చంకన ఉన్న శిశువులని చెబుతాడు. కుదురుగా కూర్చుని వినగలిగిన పిల్లల సంగతి కాదది.

ఇక ఏడుపు. ఏడాది దాటిన బిడ్డ ఏడవడానికి ఆరాధనలో నాలుగు కారణాలుంటాయి: ఆకలి, నిద్ర, ఉక్క, శబ్దం. మొదటి మూడూ తల్లులందరికీ తెలుసు. ఎనిమిదింటికి తిన్న బిడ్డకు పదిన్నరకు మళ్లీ ఏదో ఒకటి పడాలి. మెత్తగా చేసిన అరటిపండు, ఇడ్లీ ముక్క, కాసిని మరమరాలు చాలు. వేరుశెనగ గుళ్లు, బఠాణీలు, వేయించిన శనగలు మాత్రం ఈ వయసులో వద్దు, గొంతుకు అడ్డం పడతాయి. కరకరలాడే కవర్లు కాకుండా మెత్తటి మూత డబ్బాలో తీసుకెళ్లండి. బొమ్మలు రెండు చాలు: ఒక గుడ్డ పుస్తకం, ఒక గుడ్డ బొమ్మ. గిలకలు, పీపీలు ఇంట్లోనే ఉండనివ్వండి. ఫోను ఇవ్వొద్దు. ఇస్తే ఆ వారం నిమ్మళంగానే గడుస్తుంది, పై వారం నుంచి ఫోను కోసమే ఏడుస్తుంది.

నాలుగోదాన్నే ఎవరూ పట్టించుకోరు. రేకుల షెడ్డులో, చిన్న హాల్లో రెండు పెద్ద సౌండ్ బాక్సులు, కీబోర్డు, రిథమ్ ప్యాడ్ పెట్టుకుని పాడుతుంటాం. వింటున్న శబ్దం పిల్లలకు వారానికి 40 గంటల పాటు 75 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగానికి పడిపోతుంది. అంటే 90 డెసిబెల్స్ దగ్గర వారం మొత్తానికి గంటా పావు. మన స్తుతి ఆరాధన ఒక్కటే అంతసేపు ఉంటుంది. ఫోనులో శబ్దం కొలిచే ఉచిత యాప్ వేసుకుని, బిడ్డ కూర్చునే చోట పెట్టి చూడమనండి. లెక్క కచ్చితంగా రాకపోయినా ఎక్కడున్నామో తెలుస్తుంది. బాక్సులు నేల మీద ఉంటే వాటి నోరు సరిగ్గా చాప మీద కూర్చున్న బిడ్డ చెవి ఎత్తులో ఉంటుంది. స్టాండు ఎక్కించి పెద్దల తలల మీదుగా పోయేలా తిప్పాలి, వాటి ముందు నాలుగడుగుల మేర ఎవరినీ కూర్చోబెట్టకూడదు.

కూర్చునే చోటు గురించి మేం చెప్పేది చాలామందికి వింతగా ఉంటుంది: చంటిపిల్లల తల్లుల్ని వెనక్కి కాదు, ముందుకు తీసుకురండి. వెనక కూర్చున్న బిడ్డకు కనిపించేవి వీపులు. ముందు వైపు, పక్క గుమ్మానికి దగ్గరగా, ఫ్యాను కింద, బాక్సులకు దూరంగా రెండు మూడు చాపలు వేస్తే బిడ్డకు పాడేవాళ్లు కనిపిస్తారు, తల్లి లేవాలంటే ఎవరినీ దాటుకుని వెళ్లక్కర్లేదు. బిడ్డ గుక్కపెట్టి ఏడిస్తే ఐదు నిమిషాలు బయట తిప్పి తీసుకురావడంలో ఇబ్బంది లేదు. తల్లి తనకు తాను లేచి వెళ్లడం వేరు, మైకులో పంపించడం వేరు. పాస్టరుగారు అదే మైకులో "ఫర్వాలేదమ్మా, కూర్చోండి" అని రెండు ఆదివారాలు అంటే చాలు, తలలు తిప్పి చూసేవాళ్లు మానేస్తారు.

మరొకటి. బిడ్డ ఏడిస్తే తల్లే లేవాలని ఏ వాక్యంలోనూ లేదు. మగవాళ్ల వైపు కూర్చున్న తండ్రి కూడా ఎత్తుకోవచ్చు. పిల్లలు పెద్దవాళ్లైపోయిన ఇద్దరు ముగ్గురు అమ్మమ్మలు వంతులేసుకుని వాక్యం జరిగే ముప్పావు గంట బిడ్డల్ని ఒళ్లో పెట్టుకుంటే, మీలాంటి తల్లులు నెలకు రెండుసార్లైనా ప్రశాంతంగా వాక్యం వింటారు.

టీవీ జ్వరం వచ్చిన రోజుకు సరే. కానీ పాప ఇప్పుడు నేర్చుకుంటున్నది ప్రసంగం కాదు. అందరూ ఒక్కసారి లేచి నిలబడటం, కళ్లు మూసుకోవడం, పక్కింటి పెద్దమ్మ గొంతెత్తి పాడటం, తనను చూసి నవ్వడం నేర్చుకుంటోంది. అది టీవీలో దొరకదు. ఈ పేజీ మీ పాస్టరుగారికి చూపించండి.

ప్రశ్న: మా సండే స్కూలుకు 30 మంది దాకా వస్తారు. మూడేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా ఒకే గది, టీచర్లం ముగ్గురం. ఆరాధన మొదలవగానే పిల్లల్ని మాకు అప్పగిస్తారు, ఆశీర్వాదం అయ్యాక పంపిస్తాం. ఇలా పూర్తిగా వేరుచేయడం మంచిదేనా?
— సండే స్కూల్ టీచర్, నల్గొండ జిల్లా

జవాబు: మంచిది కాదు టీచర్‌గారూ. దాని ఫలితం పదేళ్లకు గాని బయటపడదు. మూడేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా పక్క గదిలో పెరిగిన పిల్లవాడికి సండే స్కూలు అయిపోయిన రోజున ఆరాధన కొత్త ఊరులా ఉంటుంది. పాటలు తెలియవు, పెద్దలెవరూ తెలియరు, ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో తెలియదు. అందుకే సరిగ్గా ఆ వయసులోనే రావడం మానేస్తాడు. ధర్మశాస్త్రం చదివేటప్పుడు మగవాళ్లను, ఆడవాళ్లను, పిల్లల్ని కలిపి పోగుచేయమని ద్వితీయోపదేశకాండము 31:12 చెబుతోంది. యోవేలు 2:16 పాలు తాగే బిడ్డల్ని కూడా తీసుకురమ్మంటుంది.

అలాగని మూడున్నర గంటలు అందరినీ కూర్చోబెట్టమని కాదు. ఇలా చేసి చూడండి. మొదటి 35 నిమిషాలు అందరూ కలిసే: పాటలు, కీర్తన, ప్రభువు నేర్పిన ప్రార్థన, పిల్లలకు ఐదు నిమిషాల మాట. వాక్యానికి ముందు పిల్లలు తరగతికి వెళ్తారు. 45 నిమిషాల తరువాత తిరిగొచ్చి కానుకకు, ప్రభు బల్లకు (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారానికి), ఆశీర్వాదానికి తల్లిదండ్రుల పక్కన ఉంటారు. పెద్దవాళ్లను, అంటే 11 నుంచి 14 ఏళ్ల వాళ్లను, నెలలో రెండు ఆదివారాలు వాక్యానికి కూడా ఉంచండి. చేతికి ఒక కాగితం ఇచ్చి మూడే అడగండి: ఈ రోజు చదివిన భాగం ఏది, అర్థం కాని మాట ఏది, పాస్టరుగారిని ఏం అడగాలనుంది. ఆ మూడోదానికి పాస్టరుగారు తరువాతి వారంలోగా జవాబు చెప్పకపోతే మాత్రం ఈ కాగితం పద్ధతి నెల తిరక్కుండా చచ్చిపోతుంది.

ముగ్గురున్నారు కాబట్టి 3–6, 7–10, 11–14 అని మూడు గుంపులు చేయండి. గది ఒకటే అయితే ఒక గుంపు చెట్టు కింద, ఒకటి వరండాలో. 45 నిమిషాల్లో పోయిన వారం గుర్తుచేయడానికి 5, కథకు 12, మాటామంతికి 8, చేతిపనికి 15, ప్రార్థనకు 5. వాక్యం పొడుగైతే టీచరు చేతిలో సరుకు అయిపోయి గోల మొదలవుతుంది. అందుకే ఒక పాట, ఒక ఆట ఎప్పుడూ అదనంగా సిద్ధంగా ఉంచుకోవాలి. ప్రతి గుంపుకూ టీచరు కాక ఇంకో పెద్ద కూడా, మొత్తం ఇద్దరు ఉండాలి. ఏ పెద్దా ఏ బిడ్డతోనూ మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు.

ఆ ఐదు నిమిషాల మాట గురించి కాస్త. వేదిక మీదికి పిలిచి వరసగా నిలబెట్టకండి. చెప్పేవాళ్లే కిందికి దిగి చాప మీద కూర్చోవాలి. ఒక వస్తువు, ఒక సంగతి. ఉప్పు తెస్తే ఉప్పు గురించే చెప్పండి, మధ్యలో దీపం తేవొద్దు. ఏడెనిమిదేళ్ల లోపు పిల్లలు మాటను ఉన్నదున్నట్టే తీసుకుంటారు. "యేసును హృదయంలోకి రానివ్వు" అంటే అంత పెద్దాయన ఎలా పడతాడని నిజంగానే ఆలోచిస్తారు. అప్పుడు ఆ పిల్లవాడు పైకి అడుగుతాడు, సంఘమంతా ఘొల్లుమంటుంది. ముద్దొచ్చే నవ్వుతారు, కానీ పిల్లవాడికి అది తెలియదు. మళ్లీ నోరు తెరవడు. ఈ నవ్వు ఒక్కటి ఆపగలిగితే సగం పని అయినట్టే. పాస్టరుగారు ముందే సంఘానికి చెప్పి ఉంచాలి.

మీ ముగ్గురి గురించి ఎవరూ అడిగి ఉండరు. ఏడాది పొడవునా వాక్యం వినని టీచరు ఎండిపోతారు. ఇంకో ముగ్గురిని తయారుచేసుకుని నెల మార్చి నెల వంతులు పెట్టుకోండి.

ప్రశ్న: పిల్లలకు మనం నేర్పాలి గాని, వాళ్ల విశ్వాసం నుంచి మనం నేర్చుకోవాలని ఈ మధ్య పదేపదే రాస్తున్నారు. చిన్నపిల్లల్లా ఉండండి అంటే తెలివి లేకుండా ఉండమనా? పౌలు తాను పెద్దవాడయ్యాక పిల్లచేష్టలు మానేశానన్నాడు కదా?
— ఒక సంఘ పెద్ద, గుంటూరు జిల్లా

జవాబు: అయ్యా, మంచి ప్రశ్న. పౌలు మాట నిజమే. 1 కొరింథీయులకు 14:20లో ఆయనే బుద్ధి విషయంలో పసివాళ్లుగా ఉండొద్దని, చెడుతనం విషయంలో శిశువులుగా ఉండమని విడదీసి చెబుతాడు. కాబట్టి యేసు మత్తయి 18లో చెప్పింది తెలివితక్కువతనం కాదు. అమాయకత్వమని కూడా మేం అనం. ఒక్క బొమ్మ కోసం ఇద్దరు మూడేళ్ల పిల్లలు ఎలా కొట్టుకుంటారో చూసినవాళ్లెవరూ పిల్లల్లో పాపం లేదనరు.

ఆ భాగంలో శిష్యుల ప్రశ్న ఎవడు గొప్పవాడు అని. దానికి జవాబుగా యేసు ఒక బిడ్డను పిలిచి వాళ్ల మధ్య నిలబెట్టాడు. ఆ కాలంలో బిడ్డకు ఆస్తి లేదు, మాట చెల్లుబాటు లేదు, ఎవరికీ తిరిగి ఇవ్వగలిగింది లేదు. పక్కవాళ్లు పెడితేనే తినాలి, ఎత్తుకుంటేనే చేరాలి. తనను తాను తగ్గించుకోవడమంటే ఆ స్థితిని ఒప్పుకోవడం. పదవి ఉన్న మనకే అది కష్టం.

వాక్యంలో పిల్లల దగ్గర పెద్దలు నేర్చుకున్న చోట్లు చాలానే ఉన్నాయి. ముసలి యాజకుడు ఏలీకి దేవుని మాట బాలుడైన సమూయేలు ద్వారా వచ్చింది, వినడం ఎలాగో సమూయేలుకు నేర్పింది ఏలీ. రెండు వైపులా నడిచిన పాఠమది. 2 రాజులు 5లో ఇశ్రాయేలు నుంచి చెరపట్టుకుపోయిన చిన్నదాని పేరు కూడా రాయలేదు. తనను ఇంటికి దూరం చేసిన సైన్యానికి అధిపతి నయమాను. ఆయన కుష్ఠు పోవాలని ఆ పిల్ల కోరుకుంది. దేవాలయంలో పిల్లలు హోసన్నా అని కేకలు వేస్తే యాజకులు విసుక్కున్నారు, యేసు మాత్రం 8వ కీర్తన ఎత్తి చూపి పిల్లల పక్షాన నిలబడ్డాడు (మత్తయి 21:15-16). మట్టల ఆదివారం నాడు పిల్లల చేతికి మట్టలిచ్చి ఊరేగించి, మందిరంలో అడుగుపెట్టగానే "ష్" అంటాం. ఆ భాగం మళ్లీ ఒకసారి చదవండి.

ఇది చేతల్లోకి రావాలంటే చేయాల్సిన పని చిన్నది: అడిగి, ఆగడం. కథ చెప్పాక "దీనివల్ల మనం నేర్చుకునేదేమిటి?" అని అడిగితే పిల్లలు మనకు కావలసిన జవాబే ఇస్తారు, ఎందుకంటే జవాబు మన దగ్గర ఉందని వాళ్లకు తెలుసు. ఐదు రొట్టెలిచ్చిన కుర్రాడి కథ చెప్పి "ఇంటికెళ్లాక వాడు అమ్మతో ఏం చెప్పి ఉంటాడు?" అని అడగండి. అలాంటివాటికి సరైన జవాబంటూ మన దగ్గర లేదు, అది పిల్లలకు వెంటనే తెలిసిపోతుంది. అడిగి, మనసులో పది లెక్కపెట్టండి. మూడో అంకెకే మనకు నోరు ఊరుకోదు, ఓపిక పట్టండి. వచ్చిన జవాబును దిద్దకండి. ప్రార్థన విన్నపాలు తీసుకునేటప్పుడు పిల్లల్ని కూడా అడగండి. కుక్కపిల్ల కాలు విరిగిందని చెబితే, ఉద్యోగం కోసం చేసిన ప్రార్థనంత గంభీరంగా దానికీ ప్రార్థించండి. పిల్లలు పేరు పెట్టి, దెబ్బ ఎక్కడ తగిలిందో చెప్పి అడుగుతారు. మనం "సమస్త అక్కరలు తీర్చుము" అని చుట్టేస్తాం. ఆ ఒక్క తేడా గమనించినా మీ సొంత ప్రార్థన మారుతుంది.

ప్రశ్న: పిల్లలకు ఆరాధనలో పనులివ్వాలని తీర్మానించుకున్నాం. మొదటి ఆదివారమే బెడిసికొట్టింది. వాక్యం చదవాల్సిన పాప మైకు ముందు ఏడ్చేసింది. ఎక్కడ పొరపాటు జరిగింది?
— యువజన కార్యదర్శి, కాకినాడ

జవాబు: మూడు చోట్ల జరిగి ఉంటుంది. పాపకు శనివారం రాత్రి చెప్పి ఉంటారు, మైకు పెద్దల ఎత్తులో ఉండి ఉంటుంది, భాగం పొడవుగా ఉండి ఉంటుంది. పది రోజుల ముందు ఇవ్వండి. నాలుగు నుంచి ఆరు వచనాలు దాటొద్దు. పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి, ఆగే చోట గీత పెట్టండి. మన బైబిలు గ్రాంథికంలో ఉంది. "యొద్దకు", "ఈలాటివారిదే" లాంటివి బళ్లో కనిపించే మాటలు కావు, ఇంగ్లీషు మీడియం పిల్లలకు మరీ కష్టం. కాబట్టి ఒక్కో మాట అర్థం చెప్పి మూడుసార్లు బిగ్గరగా చదివించండి. ఒకసారి ఖాళీ మందిరంలో మైకు పెట్టి, ఆ మైకులో తన గొంతు ఎలా వినిపిస్తుందో విననివ్వండి. ఆదివారం పక్కన ఒక పెద్ద నిలబడాలి. ఆగిపోతే అందుకోవాలి, లాగేసుకోకూడదు.

అయ్యాక చప్పట్లు వద్దంటాం. పెద్దలు చదివితే కొట్టం కదా, "ఆమేన్" అంటాం. పిల్లలకూ అదే. చప్పట్లు మొదలైతే అది ప్రదర్శన అవుతుంది, ధైర్యం ఉన్న నలుగురు పిల్లలే ఎప్పుడూ ముందుంటారు. చదవడం రాని పిల్లలకు 136వ కీర్తన పెట్టుకోండి. 26 వచనాలు, ప్రతిదాని చివరా "ఆయన కృప నిరంతరముండును" అనే పల్లవి. ఒక పెద్ద మొదటి సగం చదివితే నాలుగేళ్ల బిడ్డ కూడా రెండో సగం అందుకుంటుంది. కానుక సంచి పట్టడం, గుమ్మం దగ్గర వందనాలు చెప్పి పాటల పుస్తకం ఇవ్వడం, బల్ల మీద గుడ్డ పరచడం కూడా పనులే. కానుక సంచి ఇద్దరిద్దరికి ఇవ్వండి. లెక్కపెట్టడం మాత్రం పెద్దల పని.

ఏడ్చిన ఆ పాపకు ఈ నెలలోనే మళ్లీ ఒక పని ఇవ్వండి, చిన్నదే అయినా సరే.

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్లు. ప్రభు బల్లలో "నాకెందుకు ఇవ్వరు?" అని ఏడుస్తాడు. ఇవ్వవచ్చా?
— ఒక తండ్రి, విశాఖపట్నం

జవాబు: మీరున్న సంఘాన్ని బట్టి ఉంటుందండీ. కతోలిక సంఘంలో 1910లో పదో పయస్ పాపుగారి కాలంలో వచ్చిన ఆజ్ఞ నుంచి ఊహ తెలిసిన వయసు, దాదాపు ఏడేళ్లు, ప్రథమ సత్ప్రసాదానికి తగినదిగా ఎంచుతున్నారు. ముందు బోధన, పాపసంకీర్తనం (పాపాలు ఒప్పుకోవడం) ఉంటాయి. కేరళలోని ఆర్థడాక్స్ సంఘాల్లో బాప్తిస్మం పొందిన పసిబిడ్డకే ఇస్తారు. మన సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్ సంఘాల్లో చాలాచోట్ల కన్ఫర్మేషన్, అంటే ఎదిగిన బిడ్డ తన విశ్వాసాన్ని తానే సంఘం ముందు ఒప్పుకోవడం, అయ్యాక, బాప్టిస్టు, బ్రదరెన్, పెంతెకొస్తు సంఘాల్లో స్వయంగా ఒప్పుకుని ముంచడం ద్వారా బాప్తిస్మం పొందాక. తనను తాను పరీక్షించుకోవాలన్న 1 కొరింథీయులకు 11:28ని ఒక్కో సంఘం ఒక్కోలా అర్థం చేసుకుంటుంది. మీ పాస్టరుగారిని దాటి మీ చేతిలోని రొట్టె తుంచి ఇవ్వకండి.

కానీ ఇవ్వకూడని చోట కూడా బాబును పీట మీదే వదిలేసి వెళ్లొద్దు. వెంట తీసుకెళ్లండి. పాస్టరుగారు వాడి తల మీద చెయ్యి ఉంచి, పేరు పెట్టి ఆశీర్వదించాలి. యేసు చేసింది అదే (మార్కు 10:16). "నాకెందుకు ఇవ్వరు" అన్నది మారాం కాదు. "ఈ ఆచారం ఏమిటి" అని మీ పిల్లలు అడిగినప్పుడు చెప్పండి అని నిర్గమకాండము 12:26 పస్కా గురించి అంటుంది. మీ బాబు సరిగ్గా ఆ ప్రశ్నే అడుగుతున్నాడు.

ప్రశ్న: మా వి.బి.ఎస్‌లో (వేసవి సెలవుల బైబిలు బడిలో) చివరి రోజు నరకం గురించి చెప్పి చేతులెత్తమంటాం. ప్రతి మే నెలలోనూ అదే పిల్లలు మళ్లీ ఎత్తుతున్నారు. కొందరు రాత్రిళ్లు భయపడుతున్నారని తల్లులు చెప్పారు.
— వాలంటీరు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: మళ్లీ మళ్లీ ఎత్తుతున్నారంటే పోయినసారి ఎత్తిన చేతిని దేవుడు పట్టుకోలేదేమోనన్న భయం వాళ్లలో ఉందన్నమాట. గుంపులో పదేళ్ల లోపు పిల్లలు పక్కవాడు ఎత్తితే ఎత్తుతారు, టీచరు సంతోషపడుతుందని ఎత్తుతారు. ఆ చేతుల్ని లెక్కపెట్టి నివేదికలో రాయడం మానండి. ఆఖరి రోజుకు తప్పిపోయిన గొఱ్ఱె కథ పెట్టుకోండి. అందులో వెతికేది కాపరి. తరువాత మాట్లాడాలనుకున్న పిల్లలు తమంతట తామే వచ్చేలా, అందరికీ కనిపించే చోట ఇద్దరు టీచర్లు కూర్చోవాలి. "ఎందుకు రావాలనిపించింది?" అని అడిగి వినాలి. ఆ వారమే తల్లిదండ్రులకు చెప్పాలి.

ఇంకొకటి, అడగకపోయినా చెబుతాం. రంగుల పేజీలు చూపించి నలుపంటే పాపం, తెలుపంటే పరిశుద్ధత అని నేర్పుతుంటారు. పుట్టినప్పటి నుంచి నల్లపిల్ల అనిపించుకున్న బిడ్డ ఆ పాఠంలో ఏం వింటుందో ఆలోచించండి. మాసిన గుడ్డ, చిరిగిన వల, దారి తప్పిన గొఱ్ఱె, ఏదైనా వాడండి. ఒంటి రంగు మాత్రం వద్దు.

ప్రశ్న: మా ఆరేళ్ల బాబుకు ఆటిజం. పాట మొదలవగానే చెవులు మూసుకుని పరుగెడతాడు. పెంచిన పద్ధతి అంటున్నారు.
— ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: పెంచిన పద్ధతి కాదమ్మా. మనకు మామూలుగా వినిపించే శబ్దం అతన్ని నిజంగానే బాధిస్తుంది. శబ్దం తగ్గించే చెవి కప్పులు దొరుకుతాయి, పెట్టండి. ఆరాధన క్రమాన్ని బొమ్మలతో ఒక కాగితం మీద గీయండి: పాట, ప్రార్థన, చదవడం, కానుక, ఇంటికి. ఒక్కోటి అయ్యాక అతనే కొట్టేస్తాడు. తరువాత ఏం వస్తుందో తెలిస్తే భయం చాలావరకు తగ్గుతుంది. ఒక శనివారం ఖాళీ మందిరానికి తీసుకెళ్లి తిరగనివ్వండి. ప్రతి వారం ఒకటే చోటు, గుమ్మం పక్కన. మొదట పదిహేను నిమిషాలు ఉండి వచ్చేయండి, నెల నెలా పెంచండి. అటూ ఇటూ నడుస్తూ ఉంటే నడవనివ్వమని సంఘానికి పాస్టరుగారు చెప్పాలి. ఆ మాట మీచేత చెప్పించకూడదు.

ప్రశ్న: డాలస్‌లో తెలుగు ఆరాధనకు వెళ్తాం. పిల్లలకు తెలుగు రాదు, ఇంగ్లీషు చర్చికి పోదామంటారు.
— ఇద్దరు పిల్లల తల్లి

జవాబు: పాటల సాహిత్యం తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో కూడా వేయించండి. చదివే భాగానికి ముందు రెండు ఇంగ్లీషు వాక్యాల్లో కథేమిటో చెప్పించండి. ఒకే భాగాన్ని తాతయ్య ఒక వచనం తెలుగులో, మనవడు తరువాతిది ఇంగ్లీషులో చదివితే ఇద్దరూ ఒకరి కోసం ఒకరు వింటారు. ప్రభువు నేర్పిన ప్రార్థన ఒక్కటి మాత్రం తెలుగులోనే, నెమ్మదిగా, ప్రతి వారం. వాళ్లు పలికే తీరు విని నవ్వే పెద్దలుంటే పిల్లలు నిలవరు. వాక్యం పూర్తిగా తెలుగులోనే కావాలని పట్టుబట్టకండి. పిల్లల్ని పోగొట్టుకుని కాపాడుకునే తెలుగు ఎవరికోసం?

ప్రశ్న: మా సండే స్కూల్లో ఒకరి ప్రవర్తన గురించి ఒక పాప వాళ్ల అమ్మతో చెప్పింది. సంఘం పరువు పోతుందని పెద్దలు కూర్చుని మాట్లాడదామంటున్నారు.
— పేరు ప్రచురించడం లేదు

జవాబు: కూర్చుని మాట్లాడటం కాదు. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం, 2012, 19వ సెక్షన్ ప్రకారం అనుమానం ఉన్నవారెవరైనా పోలీసులకు తెలియజేయాల్సిందే. తెలియజేయకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు లేదా జరిమానా లేదా రెండూ. సంస్థ బాధ్యుడు తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాస్తే ఏడాది దాకా జైలు, జరిమానా కూడా. ఈ రోజే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయండి. పాపను పెద్దల ముందు నిలబెట్టి పదే పదే చెప్పించకండి. పాప చెప్పినదాన్ని చెప్పిన మాటల్లోనే తేదీ వేసి రాసుకోండి, పేరు బయటికి రానివ్వకండి. ఆ వ్యక్తిని పిల్లల దగ్గరికి రానివ్వకండి. బిడ్డను మధ్యలో నిలబెట్టిన మత్తయి 18వ అధ్యాయంలోనే, చిన్నవాళ్లలో ఒకరిని పడగొట్టేవాడి మెడకు తిరుగటి రాయి కట్టి సముద్రంలో ముంచడమే మేలన్న మాట కూడా ఉంది.

ప్రశ్న: మా ఆయన ఆసుపత్రిలో ఉన్న ఇరవై రోజులూ తొమ్మిదేళ్ల మనవడు రోజూ ప్రార్థించాడు. ఆయన ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. కుటుంబ ప్రార్థనలో వాడు "దేవుడు విన్నాడా, లేదా?" అని అడిగాడు. అందరూ నోరు మూయించారు. అప్పటి నుంచి ప్రార్థనలో నోరు విప్పడం లేదు. ఏం చెప్పను?
— ఒక అమ్మమ్మ, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు ఏం చెప్పకూడదో చెబుతాం. "నీ విశ్వాసం చాలలేదు" అని ఎవరైనా అనుంటే అది అబద్ధమని వాడికి సూటిగా చెప్పండి, లేకపోతే తాతయ్య తనవల్లే పోయాడని ఆ బిడ్డ జీవితమంతా మోస్తాడు. "దేవుడికి తాతయ్య అవసరమయ్యాడు" అనొద్దు. దేవుడు తన తాతయ్యను లాక్కున్నాడని వాడికి అర్థమవుతుంది. "తాతయ్య నిద్రపోతున్నాడు" అనీ వద్దు. రాత్రి పడుకోవడానికి భయపడే పిల్లలు ఆ మాట వల్లే భయపడతారు. చనిపోయాడు అనే చెప్పండి.

"విన్నాడా, లేదా" అన్నది అవిశ్వాసం కాదు. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని 13వ కీర్తన అడుగుతుంది. అది మన బైబిల్లోనే ఉందని వాడికి తెలిసి ఉండదు, తెరిచి వేలు పెట్టి చూపించండి. తన స్నేహితుడు లాజరు చనిపోయినప్పుడు యేసు ఏడ్చాడని కూడా చదివి వినిపించండి. "ఎందుకు నయం చేయలేదో నాకూ తెలియదు నాన్నా, నేనూ అడుగుతున్నాను" అని మీరంటే వాడి మనసు కుదుటపడుతుంది. ఆ ప్రశ్న మీ ఇంట్లో పెద్దలందరి గుండెలోనూ ఉండి ఉంటుంది. దేవుని ముందు పైకి అడిగింది వాడొక్కడే.

ప్రార్థించమని బలవంతపెట్టకండి. సమాధుల పండుగకు వెళ్లేటప్పుడు పూలు వాడి చేతికివ్వండి, సమాధి మీద ఎక్కడ పెట్టాలో వాడినే చూసుకోనివ్వండి. ఇంట్లో రాత్రి ప్రార్థనలో మీరు తాతయ్య పేరు చెప్పి, కాసేపు ఆగండి. వాడు మాట్లాడితే మధ్యలో అందుకోకండి. మాట్లాడకపోతే, వాడి చెయ్యి పట్టుకుని మీరే "ఆమేన్" అనండి. మర్నాడు రాత్రి కూడా అలాగే.